బుచ్చిరాములు చేతులు కట్టుకున్న ఆరు నెలలు

బుచ్చిరాములు చేతులు ఊరికే ఉండవు. ఎవరింటికైనా వెళ్తే, మంచినీళ్లు వచ్చేలోపు వాళ్ల తలుపు ఎందుకు కిర్రుమంటుందో చూస్తాడు. బస్సులో ముందుసీటు బోల్టు వదులుగా కనిపిస్తే వేళ్లతోనే బిగిస్తాడు. నాచారం పారిశ్రామికవాడలో లారీ కాంటాలు తయారుచేసే చిన్న కంపెనీలో పద్దెనిమిదో ఏట వెల్డర్ కింద పనికి చేరిన మనిషి ఆయన. లారీ కాంటా అంటే లారీని సరుకుతో సహా నిలబెట్టి తూచే పెద్ద ఇనుప పలక. వెల్డింగు నుంచి బిగింపు పనికి, అక్కడినుంచి పలక కింద బరువును పసిగట్టే సెన్సర్ల రిపేరుకు ఎక్కాడు. ఫ్యాక్టరీల వాళ్లు కాంటా పక్కన కంప్యూటర్లు పెట్టడం మొదలైన రోజుల్లో, ఒకచోట పారేయబోతున్న ప్రోగ్రామింగ్ పుస్తకాన్ని అడిగి తెచ్చుకున్నాడు. ఆయనకు వచ్చింది పదో తరగతి ఇంగ్లీషే. పక్కన డిక్షనరీ పెట్టుకుని రెండేళ్లు చదివాడు. చదివిన ప్రతి పేజీనీ చేసి చూశాడు. 2009 నాటికి ఆయన రాసిన తూకం ప్రోగ్రామ్ ఉప్పల్, నాచారం, చర్లపల్లి ఫ్యాక్టరీల్లో నలభై చోట్ల నడుస్తోంది.

కంపెనీ యజమాని రామచంద్రరావు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఆ నలభై అన్న అంకె ఆయనకు సంతోషమూ, భయమూ కూడా.

"నీకు జ్వరమొస్తే నలభై ఫ్యాక్టరీలకు జ్వరం వస్తుందయ్యా" అనేవాడు. "నీ తలలో ఉన్నది ఇంకో ఇద్దరి తలల్లోకి వెళ్లాలి."

అందుకని ఇద్దరు కుర్రాళ్లను పెట్టారు. నాలుగు నెలల్లో ఇద్దరూ మానేశారు. బుచ్చిరాములు కోప్పడే మనిషి కాదు, తిట్టడు. కానీ పక్కవాడు ఒక లైను రాసి ఆలోచిస్తుంటే, "ఇటియ్యి" అని కీబోర్డు లాక్కుంటాడు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. కుర్రాడు పక్కన కూర్చుని చూస్తాడు. పోతూ పోతూ ఒకడు రామచంద్రరావుతో, "రాములు సార్ మస్తు మంచోడు సార్. గని నాలుగు నెలల్ల కీబోర్డు నా చేతిల ఉన్నది నాలుగు దినాలే" అన్నాడు.

రామచంద్రరావు బుచ్చిరాములును పిలిచి కూర్చోబెట్టాడు.

"ఇంకొక్కసారి చూస్తాను. జనవరిలో ఇద్దర్ని తీసుకో. జూన్‌లో కోళ్ల దాణా ఫ్యాక్టరీలో కొత్త కాంటా పెడుతున్నాం కదా, దాని ప్రోగ్రామ్ వాళ్లే రాయాలి, వాళ్లే పెట్టాలి. ఆ రోజు నువ్వు కాంటా గదిలోకి అడుగు పెట్టకూడదు. పెట్టావో, ఈ ప్రోగ్రాముల పని మొత్తం హైటెక్ సిటీలో ఎవరికైనా అప్పగించేస్తాను. నువ్వు మళ్లీ సెన్సర్లు చూసుకుందువు గాని."

సెన్సర్లు చూసుకోవడం బుచ్చిరాములుకు నామోషీ ఏమీ కాదు. కానీ పన్నెండేళ్లు పెంచిన ప్రోగ్రామ్ అది. పైగా అది జరిగితే కొత్తగా వచ్చే ఇద్దరి ఉద్యోగాలూ ఆయనతోపాటే పోతాయి.

ఆ ఏడు ఉద్యోగాలకు కరువు. ఘట్‌కేసర్ వైపు కాలేజీల్లో ఇంజనీరింగ్ ముగించినవాళ్లు, ఆఫర్ లెటర్లు చేతిలో ఉండి కూడా, ఏడాదిగా పిలుపు కోసం కూర్చున్నారు. ఉప్పల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం పైన రామచంద్రరావు కంపెనీ ఆఫీసు రెండే గదులు. మెట్ల మీద బకెట్లు, బిందెలు దాటుకుంటూ మూడు రోజుల్లో అరవై మంది వచ్చారు.

రామచంద్రరావు అందరినీ మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాడు. నాగచైతన్య అనే ఏఎస్ రావు నగర్ కుర్రాడు ఆపకుండా పది నిమిషాలు చెప్పాడు. దమ్మాయిగూడ నుంచి వచ్చిన దోర్కా పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఆగిపోయింది. తర్వాత చేతిలోని ఫైలు వైపు చూస్తూ కూర్చుంది.

బుచ్చిరాములు పరీక్ష వేరు. ఆయనది మాటలు వినే పరీక్ష కాదు. కాంటా చీటీ అచ్చయ్యేటప్పుడు లారీ నంబరులో చివరి అంకె పడని పాత ప్రోగ్రామ్ ఒకటి ముందు పెట్టి, మధ్యాహ్నందాకా టైమిచ్చి, వెనక కుర్చీలో కూర్చునేవాడు. ఎవరికి వచ్చిందన్నది కాదు, రానప్పుడు ఏం చేస్తున్నారన్నది చూసేవాడు.

నాగచైతన్యకు రాలేదు. రెండు గంటల తర్వాత లేచి ఒక కాగితం ఇచ్చాడు.

"నాకు రాలేదండి. ఎక్కడిదాకా వెళ్లానో, ఎక్కడ ఆగిపోయానో దీంట్లో రాశాను. తర్వాత చూసేవాళ్లకి పనికొస్తుందని."

బుచ్చిరాములు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పది నిమిషాల ఇంగ్లీషుకంటే అది ఆయనకు నచ్చింది.

దోర్కా గంటసేపు ఆ ప్రోగ్రామ్ చదివింది. తర్వాత వెనక్కి తిరిగి, "సార్, ఈ చీటి ఫ్యాక్టరోళ్లు ఉంచుకుంటరా, డ్రైవర్‌కిస్తరా?" అని అడిగింది.

"ఎందుకు బిడ్డా?"

"డ్రైవర్‌కైతే జేబుల నలుగుతది గదా సార్. నంబరు జర పెద్దగుండాలె."

అంకె పడేలా చేసి, అక్షరం కూడా పెద్దది చేసి ఇచ్చింది. అడగని పని అది. రామచంద్రరావు మాత్రం, "ఆ అమ్మాయి నోరు తెరవదు. రేపు ఫ్యాక్టరీల వాళ్లతో ఎలా నెగ్గుకొస్తుంది?" అన్నాడు.

"పని తెలిస్తే నోరు దానంతటదే వస్తది సార్" అన్నాడు బుచ్చిరాములు.

ఇద్దర్నీ తీసుకున్నారు, జూన్ షరతు కూడా చెప్పారు. వారం తిరక్కుండానే పాత రోగం బయటపడింది. నాగచైతన్య టైపు చేస్తుంటే బుచ్చిరాములు చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి పోయింది. మరునాడు దోర్కా దగ్గరా అంతే. ఆ సాయంత్రం నాచారంలో ఇంటికి వెళ్లి దిగాలుగా కూర్చున్నాడు.

భార్య అరుణకుమారి ఇంట్లోనే ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. అప్పుడు కూడా నలుగురు మిషన్ల మీద ఉన్నారు. ఒకమ్మాయి జాకెట్టు చెయ్యి తిరగేసి కుడుతోంది. అరుణకుమారి చూస్తూనే ఉంది, కదల్లేదు. ఒళ్లో పళ్లెం పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది.

"తప్పు కుడుతుంటె చెప్పవేంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"చెయ్యి తొడిగి చూస్తె దానికే తెలుస్తది. నేను లాక్కొని కుడితె జాకెట్టు మంచిగైతది, పిల్లకు పని రాదు."

"నీకు చెయ్యి ఊకుంటదా?"

"ఊకోదు. అందుకే గిది" అని జిగురు పట్టిన రెండు చేతులూ చూపింది. "ఈ చేతులతోని బట్ట ముట్టుకుంటె ఖరాబైతది. ఇగ ముట్టనే ముట్ట."

మరునాడు బుచ్చిరాములు ఆఫీసుకు కిలో చింతపండు పట్టుకుపోయాడు.

కొత్తవాళ్లిద్దరికీ మొదట భయం వేసింది, తర్వాత నవ్వొచ్చింది. సార్ వెనక కుర్చీలో కూర్చుంటాడు, ఒళ్లో పేపరు పరుచుకుంటాడు, గింజలు తీస్తాడు. కీబోర్డు ముట్టడానికి లేదు. రెండు వారాల్లో వాళ్లకు గుర్తు తెలిసిపోయింది. కోడ్ సవ్యంగా సాగుతుంటే గింజలు నెమ్మదిగా పడతాయి. ఎక్కడైనా తప్పుతోవ పట్టారా, వెనక టపటపమని వాన.

"దోర్కా, ఆగు. వడగళ్లు పడుతున్నాయి" అనేవాడు నాగచైతన్య. ఇద్దరూ రాసినది మళ్లీ మొదటినుంచి చదివేవాళ్లు. గింజ తీసిన చింతపండు అందని ఇల్లు ఆఫీసు గల్లీలో లేకుండా పోయింది. కింద స్టీలు దుకాణం ఆమె కూడా, "రాములన్నా, మాదీ రెండు కిలోలుంది, జర చూడరాదే" అని పైకి పంపింది.

మార్చిలో దోర్కా అసలైన తప్పు ఒకటి చేసింది. లారీ ముందు ఖాళీగా వస్తుంది, తూచుకుంటుంది, సరుకు నింపుకుని మళ్లీ తూచుకుంటుంది, రెండో బరువులోంచి మొదటిది తీసేస్తే సరుకు బరువు వస్తుంది అని రాసుకుంది. రెండో బరువు తక్కువగా ఉంటే 'తప్పు తూకం' అని ప్రోగ్రామ్ ఆపేస్తుంది. కాగితం మీద చక్కగా ఉంది. కానీ దాణా ఫ్యాక్టరీకి మక్కజొన్నలు తెచ్చే లారీ నిండుగా వచ్చి ఖాళీగా పోతుంది. అలాంటివి రోజుకు ముప్పై ఉంటాయి. ముప్పైనీ గేటు దగ్గర ఆపేసే ప్రోగ్రామ్ అది. బుచ్చిరాములుకు మొదటి లైన్లోనే కనిపించింది. చేతులు జిగురుగా ఉన్నాయి. నోరు జిగురుగా లేదు కాని, దాన్నీ మూసుకున్నాడు.

"రేపటి సంది వారం దినాలు మీరిద్దరు ఆఫీసుకు రాకుండ్రి" అన్నాడు. "నాచారం రోడ్డు మీద అందరి లారీలు తూచే ధర్మకాంటా ఉన్నది. అక్కడ కూసోని చీటీలు రాయుండ్రి. నేను మాట్లాడిన."

నాగచైతన్య ముఖం చిన్నబోయింది. "బీటెక్ చదివి కాంటా మీద చీటీలు రాస్తున్నావా అంటుందండి మా అమ్మ."

"మీ అమ్మను గూడ తీస్కరా. ఒక కుర్సీ ఉంది."

మూడో రోజు సాయంత్రమే దోర్కా ఆఫీసుకు వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో తను రాసిన రెండు పేజీలు తీసేసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"సార్, ఇనుపసామాన్ల లారీ ఒకటి నిండుగొచ్చింది, సాయంత్రం ఖాళీగ పోయింది. గిది మీకు ముందే ఎరుకనా?"

"ఎరుకనే."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె గదొక్కటే నేర్సుకుంటుంటివి. ఇప్పుడు ఇంకేమేం చూసొచ్చినవు చెప్పు."

ఆమె వేళ్లు లెక్కపెడుతూ చెప్పడం మొదలుపెట్టింది. ట్రాలీ విప్పి ట్రాక్టరును పంపేసేవాళ్లు, ఒకే నంబరుతో రెండు లారీలు తెచ్చేవాళ్లు, తూకం మధ్యలో కరెంటు పోవడం. ఇంటర్వ్యూలో రెండు మాటలకు ఆగిపోయిన పిల్ల అరగంట మాట్లాడింది. బుచ్చిరాములు వింటూ చింతపండు సంగతే మర్చిపోయాడు.

జూన్ రెండో వారం. దాణా ఫ్యాక్టరీలో కాంటా సిద్ధమైంది. పలక నేల మట్టానికి సమానంగా ఉండే రకం. పక్కనే చిన్న గది, దాంట్లో కంప్యూటరు. గది కిటికీలోంచి పలక నడిమి భాగమే కనిపిస్తుంది. పొద్దున పదికి నాగచైతన్య, దోర్కా లోపలికి వెళ్లారు. రామచంద్రరావు ఫ్యాక్టరీ మేనేజరు గదిలో కూర్చున్నాడు. బుచ్చిరాములును గేటు ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చోమన్నారు.

మొదటి లారీ తూగింది, చీటీ వచ్చింది. రెండోదీ తూగింది. మూడోది దిగి వెళ్లాక తెరమీద సున్నా రావాలి. డెబ్బై అని వచ్చింది.

సున్నా కాకపోతే తర్వాతి లారీని తీసుకోకూడదని ప్రోగ్రాములో వాళ్లే పెట్టుకున్న కట్టుబాటు. నాలుగో లారీ కాంటా ముందు ఆగిపోయింది. దాని వెనక ఇంకో ఆరు. హారన్లు మొదలయ్యాయి. కాంటా సూపర్‌వైజరు జగన్మోహన్ గది తలుపు కొట్టాడు.

"ఏందమ్మా, మూడిటికే అలసిపోయిందా మీ కంప్యూటరు?"

నాగచైతన్య కేబులు పీకి పెట్టాడు, ప్రోగ్రామ్ ఆపి మళ్లీ నడిపాడు. డెబ్బై అలాగే ఉంది. "మీటరు మీద జీరో బటన్ నొక్కేద్దాం. లేకపోతే సార్‌ని పిలుద్దాం" అన్నాడు.

"జీరో నొక్కితె ఇగ ప్రతి లారీకి డెబ్బై కిలోలు తక్కువ పడితె ఎట్ల? సార్‌ను పిలిస్తె ఇగ రేపటి నుంచి మనం ఇంట్లనే" అంది దోర్కా. కళ్లు తెరమీదే ఉన్నాయి. డెబ్బై. అరవై ఐదు. డెబ్బై ఐదు. ఒక్క క్షణం సున్నా. మళ్లీ డెబ్బై.

"చైతన్యా, సెన్సర్ పోతె గిట్ల ఊగదు. గిది నడుస్తుంది."

"ఏంటి నడిచేది?"

"మనిషి."

తలుపు తీసుకుని బయటికి వచ్చింది. పలక అవతలి కొసన, దుమ్మూ మక్కపొట్టూ కప్పేసిన చోట, బుచ్చిరాములు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. చాయ్ హోటల్లో అరగంట కూడా నిలవలేకపోయాడు. గదిలోకి వెళ్లనని మాట ఇచ్చాడు కాబట్టి వెళ్లలేదు. పక్క తలుపు సందులోంచి తెర అంచు కనిపించే చోటు వెతుక్కున్నాడు. వంద కాంటాలు బిగించిన మనిషి, తను దేనిమీద నిలబడ్డాడో చూసుకోలేదు.

"సార్!" దోర్కా గొంతు ఏడు లారీల హారన్లమీద వినిపించింది. "జర కాంట దిగుండ్రి!"

బుచ్చిరాములు కిందికి చూసుకున్నాడు. ఒక్క గంతు వేసి అవతల పడ్డాడు. గదిలోంచి నాగచైతన్య కేక వేశాడు. "జీరో! జీరో వచ్చిందండీ!"

జగన్మోహన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "రాములన్నా, నిన్ను గూడ తూచి దాణల కలుపుతమనుకున్నవా ఏంది?"

దోర్కా నవ్వలేదు. "సార్, ఏమనుకోకుండ్రి. హోటల్ కాడికి పోయి కూసోండ్రి. అయినంక మేమే పిలుస్తం." తిరిగి నాలుగో లారీ డ్రైవరుకు రమ్మని చెయ్యి ఊపింది.

బుచ్చిరాములు చాయ్ హోటల్‌కు వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి రామచంద్రరావు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమయ్యా, మధ్యలో ఏదో ఆగిపోయిందట. నువ్వు గానీ వెళ్లి బాగుచేశావా?"

"లేదు సార్. నేను చెడగొట్టిన. వాళ్లే బాగుజేసిన్రు."

సంగతంతా విన్నాక రామచంద్రరావు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "మొత్తానికి గదిలో అడుగు పెట్టలేదు. సరే, దసరాలోపు ఇంకో ఇద్దర్ని చూడు. ఈసారి ఇంటర్వ్యూ ఆ అమ్మాయినే చెయ్యమను" అని లేచి వెళ్లాడు.

బుచ్చిరాములు అక్కడే ఉన్నాడు. పిలుస్తామన్నారు కదా. రెండో చాయ్ అయింది. లారీలు ఒకటొకటే గేటు దాటి పోతున్నాయి. పన్నెండయింది, ఒంటిగంట దాటింది. ఎవరూ రాలేదు. ఆగలేక లేచి, కాంటాను దూరంగా చుట్టుకుని, గది గుమ్మం దగ్గరికి వెళ్లాడు. లోపల నాగచైతన్య, దోర్కా, జగన్మోహన్ టిఫిను డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. పక్కన ప్రింటరు దానిపని అది చేసుకుపోతోంది.

దోర్కా నాలుక కరుచుకుంది. "అయ్యో సార్! మిమ్మల్ని పిలుసుడే మర్సిపోయినం."

"మంచిది" అన్నాడు బుచ్చిరాములు, ముఖమంతా నవ్వుతో. గుమ్మం బయటే నిలబడి, "ఇగ ఆ పచ్చడేదో జర ఇటు అందియ్యుండ్రి" అన్నాడు.