రెండు గ్లాసుల చాయ్

నల్లగొండలో పానగల్లు రోడ్డు మీద బిక్షమ్మ ఇంటి ముందు గదిలో దశరథ్ కిరాయికి ఉండబట్టి మూడేళ్లు. ఉద్యోగం ఆ గదిలోంచే. కంపెనీవాళ్లు చెప్పేదంతా మెసేజీల్లోనే వస్తుంది, జవాబులూ మెసేజీల్లోనే పోతాయి. పొద్దున కుర్చీకి తువ్వాలు చుట్టి కూర్చుంటే మధ్యాహ్నం దాకా నోరు విప్పే పనుండదు. అందుకే అన్నం ముందు ఒకసారి దగ్గి చూసుకుంటాడు, గొంతు ఉందో లేదోనని.

నాలుగు రోజులుగా ఒకటే తంటా. అతని లాప్‌టాప్ లోపల, సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో లినక్స్ కంప్యూటర్ నడుస్తుంది. దానికి తగిలించిన సౌండ్ కార్డు మాత్రం పలకదు; దాన్ని పలికించడమే కంపెనీ ఇచ్చిన పని. కార్డును నడిపించే సరైన ఫర్మ్‌వేర్ ఫైలు వెతకడం, దాని చోట పెట్టడం, మళ్లీ మొదటినుంచి నడపడం. ఐదోనాడు పదకొండింటికి స్పీకర్లు పలికాయి: "ఫ్రంట్ లెఫ్ట్... ఫ్రంట్ రైట్..." ఎడమ, కుడి స్పీకర్ల పరీక్ష కోసం ఎవరో ఏనాడో రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు. ఒక్కసారి వింటే చాలు. దశరథ్ కళ్లు మూసుకుని, ఆమె లెఫ్ట్ అంటే ఎడమకు, రైట్ అంటే కుడికి తల తిప్పుతూ ఇరవైసార్లు విన్నాడు.

తలుపు చప్పుడైంది. బిక్షమ్మ రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని నిలబడింది.

"ఎవరో ఆడిబిడ్డ మాట్లాడుతాంది గద బిడ్డా! మూడేండ్లకు నీ ఇంటికో మనిషొచ్చిందని చాయ్ పెట్టిన."

"గిప్పుడే పోయిందవ్వా," అన్నాడు దశరథ్.

"అయ్యో, జర కూసోమనకపోయినవా! మల్ల ఎప్పుడొస్తదంట?"

అతను తెర వంక చూశాడు.

"ఇగ రాదవ్వా. పనైపోయింది."