ఆయన పొదగేసిన పదకొండు గుడ్లు

నా భర్త దేవదానం గారు ప్రభువునందు నిద్రించి నెల దాటింది. ఆ వార్త తెచ్చినవాడు బండి తోలే వెంకన్న. కోళ్ల కింద పరిచే ఊక కోసం ఇద్దరూ ఆలమూరు మిల్లుకి వెళ్లారు. వెంకన్న ఒక్కడే వాకిట్లోకి వచ్చి, "అమ్మగారండీ, అయ్యగారు కాలవ గట్టున కూర్చుండిపోయేరండి" అన్నాడు. "ఏ పిట్టనో చూస్తుంటారు, వస్తార్లే" అన్నాను, బియ్యం చెరుగుతూనే. వెంకన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పటికి గాని నాకు తెలియలేదు.

నేను చదువుకున్నదాన్ని కాను. నేను చెబుతుంటే మా సంఘం పంతులమ్మగారు రాస్తున్నారు. ఆయన గుణాలను వర్ణించే పెద్ద మాటలు నా దగ్గర లేవు. ఆయనతో నేను చూసినవి చెబుతాను, చూడకుండా వదిలేసినవీ చెబుతాను.

కొత్తపేట దగ్గర మా కోళ్ల షెడ్డు చిన్నది. రెండు వందల తెల్ల కోళ్లు, పొదగడానికి నాలుగు నాటు పెట్టలు. షెడ్డు ఇనపవలకి సాలెగూళ్లు పట్టేవి. చలికాలం పొద్దున్నే వాటి నిండా మంచు బొట్లు. అవి ఆరేదాకా నన్ను చీపురు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకసారి పశువుల డాక్టరుగారు వచ్చి, "ఏమయ్యా, కోళ్లని పెంచుతున్నావా, సాలీళ్లనా?" అని వెక్కిరించారు. "ఆయ్, రెండూనండి. మంచు ఆరగానే తుడిపించేస్తానండి" అన్నారు ఈయన వినయంగా. ఆ డాక్టరుగారు కూడా సైకిలుకి ఆనుకుని చాలాసేపు చూసి వెళ్లారు.

ఒక ఏడు కొక్కెర తెగులు వచ్చి సగం కోళ్లు పోయాయి. రోజంతా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చారు. మర్నాడు పొద్దున్నే షెడ్డు పక్క బోదె కాలవలో గుర్రపుడెక్క పూసిందని నన్ను పిలిచారు. నాకు ఒళ్లు మండింది. "కోళ్లు చచ్చి మనం ఏడుస్తుంటే మీకు పువ్వులా?" అన్నాను. "నిన్నంతా గోతిలోకే చూశాను సుగుణా. ఇవాళ ఇంకోటి చూడనీ" అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ వేళ నేను వెళ్లలేదు.

దాణా గదికి కిటికీ లేదు. తాటాకు కప్పులో ఆయన వేలు పట్టేంత చిల్లు పొడిచి ఉంచుకున్నారు. పొద్దుటి ఎండ అందులోంచి కర్రలాగా లోపలికి దిగేది. పొదిగే గుడ్డుని వారం దాటాక ఆ ఎండకి అడ్డుపెట్టి, లోపల ప్రాణం ఉందో లేదో చూసేవారు. ఏటా కప్పు నేసే సత్తియ్య ఆ చిల్లు మూసేసేవాడు, ఈయన మళ్లీ పొడిచేవారు. "సుగుణా, ఒక్కసారి రా" అని అక్కడినుంచి పిలిచేవారు. "చూస్తే ఏమొస్తుందండీ?" అంటే, "ఏమీ రాదు. రా" అనేవారు. అలా పిలిచిన పన్నెండేళ్లలో ఒక్కసారి గడప దాకా వెళ్లి, లోపలికి తొంగి చూడకుండానే "చూశాన్లెండి" అని వచ్చేశాను. ఆయన నమ్మారు. ఎంతో సంతోషించారు.

పోయే ముందురోజే ఒక పెట్ట కింద పదకొండు గుడ్లు పెట్టారు. ఆ చేతులు చేసిన ఆఖరి పని అది. తర్వాత ఇంటినిండా జనం, ఏడుపులు. పెట్ట బెదిరి రెండుసార్లు గంప దిగిపోయింది. గుడ్లు చల్లబడ్డాయి. మరిది వచ్చి, "ఇంకేం పిల్లలవుతాయి వదినగారూ, తీసి పారేయండి" అన్నాడు. నాకు మనసొప్పలేదు. అవి బతికాయో లేదో ఎవరు చెప్పాలి? చూసే మనిషి లేరు.

పొదగేసిన ఎనిమిదో రోజున ఒక గుడ్డు పట్టుకుని దాణా గదిలోకి వెళ్లాను. చీకటి. ప్రార్థన కూడికకి జనం వస్తారని నేనే నాలుగు రోజుల కిందట ఇంటితోపాటు దీని కప్పూ నేయించాను. "చిల్లు ఉంచమంటారాండీ?" అని సత్తియ్య అడిగాడు కూడా. "మూసెయ్యవయ్యా, ఇంకెందుకు?" అన్నాను. అది ఎక్కడుండేదో కూడా నాకు తెలియదు. మామిడికాయలు కోసే దోటీతో తోచినచోట పొడిచాను. ఎండ ఆయన కూర్చునే పీట మీద పడలేదు, దాణా బస్తాల మీద పడింది. వాటి మీదికి ఎక్కి, గుడ్డుని ఎండలో పెట్టి చూశాను.

గుడ్డంతా ఎర్రగా వెలిగింది. మధ్యలో నల్లని చుక్క, దాని చుట్టూ సన్నని నెత్తుటి దారాలు, తమలపాకు ఈనెల్లా. చుక్క కదిలింది. "ఏమండీ" అని వెనక్కి తిరిగాను.

ఇరవై ఒకటో రోజున తెల్లవారేసరికి గంప దగ్గర కూర్చున్నాను. పెంకుని చేత్తో ఒలవకూడదని ఆయన అంటుండేవారు. ఒలవలేదు. మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లలు దిగాయి, రెండు గుడ్లు మురిగాయి. తడిసిన పిల్ల ఆరి పచ్చగా పొంగేదాకా, ఒక్కొక్కదాన్నీ పూర్తిగా చూశాను.

అలాంటి మనిషి ఇక మా ఇంట లేరు. నా చేత చూపించాలని పన్నెండేళ్లు పిలిచిన ఆయనకి, నేను చూశానని చెప్పుకునే దారి నాకు లేదు. ఇది చదివే మీరైనా నమ్మండి. ఈసారి అబద్ధం కాదు.