పట్టని బ్రేకు

మల్లయ్య పేరు యాదికొస్తే ఇప్పటికీ నా మీద నాకే మంట లేస్తది. ఇన్నేండ్లు ఈ బరువు ఒక్కన్నే మోసిన. మా ఇంట్లామెకు గూడ చెప్పలే. మీకు చెప్తున్న.

తొంభైలల్ల నారాయణగూడల ఒక ట్రాక్టర్ల షోరూంల సేల్స్‌మన్‌గ చేసేటోన్ని. రైతు పైసలు జమ చేసుకొని వచ్చేసరికి రేటు మళ్ల పెరుగుతుండె. మల్లయ్య జనగామ దిక్కు రైతు. వచ్చినప్పుడల్లా కొత్త రేటే విన్నడు. ఆఖరుసారి గట్టిగనే అర్సిండు: "మా వడ్లకు పెరగని రేటు మీ ఇనుముకెట్ల పెరుగుతది?"

సేటు నన్ను లోపలికి పిలిచి, "మా బామ్మర్ది పాత ట్రాక్టర్ ఈయనకు అంటగట్టు" అన్నడు.

ఆ బండి అంబర్‌పేట్ షెడ్డుల ఉండె. ఒకసారి బోల్తా పడ్డ బండి. నేనే నడిపి చూసిన. రెండు బ్రేకులు కలిపి తొక్కినా ఒక్క చక్రమే ఆగుతది, బండి పక్కకు గుంజుతది. బాగు చేయించకుండ రంగేయించిండు సేటు.

మల్లయ్య బండి చుట్టూ తిరిగిండు. నా మొకం చూసిండు.

"తమ్మీ, నీ పొలానికైతే కొంటవా?"

"కండ్లు మూసుకొని కొంట, అన్నా."

ఆ మాట ఎవలు అనమన్నరు? సేటు అమ్ముమన్నడు గని, అన్నా అని పిలిచి నమ్మియ్యమన్నడా? అది నా సొంత తెలివి. ఆ తెలివికి శాబాష్ అనిపించుకున్న గూడ, థూ.

నా మాట నమ్మి కొన్నడు. ఆ వానకాలంల కాలువ కట్ట దిగుతుంటే బండి పక్కకు గుంజి బోల్తా కొట్టింది. మల్లయ్య కాలు దాని కింద నలిగింది. దవాఖానల తీసేసిన్రు.

ఆయన భార్య షోరూంకు వచ్చింది, బండి వాపసు తీసుకుంటరా అని. సేటు బయటికే రాలే. పాపం, ఆమె నన్ను ఒక్క మాట అనలే. "బురదల జారింది తమ్మీ, మా నసీబు" అన్నది.

"అవునక్కా" అన్న. ఆమెకు చాయ్ తెప్పిచ్చిన.

కొత్త బండ్ల రేట్లు గట్ల మండకపోతే ఆయన ఆ పాతదాన్ని ముట్టుకునేటోడే కాదని ఏండ్ల తరబడి నాకు నేను చెప్పుకున్న, రేట్లు పెంచినోళ్లను తిట్టిన, సేటును తిట్టిన, అయినా ఆ బ్రేకు తొక్కి చూసిన కాలు నాదే గదా? తెలిసీ నోరు మూసుకున్నది నేనే గదా?

మాఫీ అడుగుత లేను. అడిగే మొకం లేదు. నసీబు కాదక్కా, బ్రేకు. నాకు తెలుసు. తెలిసే అమ్మిన.

ఇగో, నోట్లకెల్లి బయటికొచ్చింది.