తొవ్వకు జాగ అడిగిన మనిషి

పోయిన శుక్రవారం ఎల్లారెడ్డి బస్సు కామారెడ్డి బస్టాండులో ఆగగానే కండక్టర్ నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "మీ ఓవర్సీర్ సాబ్ పోయిండు సార్. పొద్దుగాల నమాజుకని లేసిండట, గట్లనే కూలవడ్డడట" అన్నాడు. ఆఫీసుకు బయలుదేరినవాణ్ణి, అదే బస్సు తిరిగి పోతుంటే ఎక్కి కూర్చున్నాను. దారి పొడుగునా ఆయన మీద నాకు కోపమే వచ్చింది. ఒక పని మిగిలి ఉండగా అట్లా ఎట్లా పోతాడు?

మా పట్టణంలో ఇండ్ల పర్మిషన్లన్నీ ఆయన చేతిమీదుగా పోయేవి. మునిసిపల్ ఆఫీసులో నేను ఆయన కింద పదేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. ఎండైనా వానైనా ఒక సైకిలు, రుమాల్లో చుట్టిన కొలత టేపు, చొక్కా జేబులో సోంపు పొట్లం. ఎవరైనా నోరు జారేలా ఉంటే వాళ్ళ చేతిలో నాలుగు గింజలు పోసేవాడు. నములుతూ ఎవరు మాత్రం తిట్టగలరు?

బెల్లం మార్కెటు పెరిగి, దుబాయి డబ్బు వచ్చి, ప్రతివాడికీ ఇంటి మీద బంగ్లా కావాలనిపించిన రోజులవి. ఉన్న ఇల్లు బాగు చేసుకునేవాణ్ణి ఆయన ఏమీ అడిగేవాడు కాదు. మామూలుగా ఒప్పుకునే ఎత్తుకు మించి ఇంకో అంతస్తు లేపుతానన్నవాడి దగ్గర మాత్రం ఇంటి ముందు మూడడుగుల నేల గల్లీకి రాయించుకునేవాడు. ఆ నేలలో మురికినీళ్ళు పారే మోరీ వచ్చేది, నల్లా పైపు వచ్చేది, ఎడ్లబండి తిరిగే వీలు వచ్చేది. ఉత్త సంతకంతో ఆయనకు తృప్తి లేదు. పునాదికి ముగ్గు పోసినట్టే, విడిచిపెట్టే నేలకు కూడా యజమాని చేతనే ముగ్గు పోయించేవాడు. "నేను గీస్తే నువ్వు రేపు తుడిపేస్తవు. నీ చేత్తోని పోస్తే దాటనీకి నీకే కాలు రాదు" అనేవాడు. ముగ్గు పడిందాకా ఆ ఇంట్లో చాయ్ ముట్టేవాడు కాదు.

ఒకసారి ఒక బట్టల వ్యాపారి గట్టిగానే లేచాడు. "నా జాగల నేను కట్టుకుంటే ఊరికేం పోయింది సాబ్?"

"నేల నీదే సేటు, ఎవరు కాదన్నరు? మీదికి లేస్తే కిరాయిలు నీకొస్తయి. ఆ కిరాయోళ్ళు తాగే నీళ్ళు, పారే మోరి, నడిసే తొవ్వ ఎవరియ్యాలె? ఈ పర్మిషన్ మా తాత జాగీరు కాదు, ఉత్తగ పంచనీకి. ఇది ఊరిది. ఊరు నీకు ఇస్తున్నది, నువ్వు ఊరికింత ఇయ్యి."

వ్యాపారి ముగ్గు పోశాడు. సణుగుతూనే పోశాడనుకోండి. అట్లా అడిగి తెచ్చిన తొవ్వల్లో సాబ్ సైకిలు దిగి నడిచేవాడు. ఎందుకని అడిగితే, "ఇచ్చినోళ్ళు సూడాలె గదా తమ్మీ, మనం నడుస్తున్నమని" అనేవాడు.

ఊరికి చెప్పిన మాట తన గడప దగ్గర మారలేదు. రిటైరై ఎల్లారెడ్డి చేరాక, కొడుకు గల్ఫు నుంచి వచ్చి మీద రెండు గదులు వేస్తానంటే, ముగ్గు డబ్బా తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. పక్కింటాయన నవ్వి, "ఈడ నిన్నెవరడిగిన్రు సాబ్?" అన్నాడట. "నేనే అడిగిన" అన్నాడట ఈయన. శుక్రవారం జనాజా లేపినప్పుడు, భుజం మార్చుకోవడానికి మనుషులు నిలబడ్డది ఆ మూడడుగుల నేల మీదే.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఆయన్ను పొగడడం న్యాయం కాదు.

ఆయన రిటైరైన ఏడు, ఆ సీటు కాగితాలు చూసే పని నాకు వచ్చింది. నేను రాసిందే పైన ఒప్పుకునేవారు. బీడీలు చేసే ఆడవాళ్ళుండే గల్లీ మొదట్లో ఒక బెల్లం సేటు మూడో అంతస్తు అడిగాడు. "జాగ ఎందుకు తమ్మీ, దాని పైసలు ఆఫీసుకే కడత, రసీదియ్యి" అన్నాడు. నాకది తెలివైన పనిగానే తోచింది. గొడవ లేదు, నా జేబులోకి పైసా రాలేదు. కానీ ఆ డబ్బు గల్లీకీ రాలేదు. పెద్ద సడక్ మీద స్వాగత కమానుగా నిలబడింది. మొదటి పెద్దవానకే, పారే తోవ లేక మురికినీళ్ళు ఇండ్లలోకి చొరబడ్డాయి. మర్నాడు ఒక అవ్వ తడిసిన తునికాకు చాట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "వారం పని బిడ్డా. ఏం తినమంటవ్?"

ఎల్లారెడ్డి పోయి చెప్పుకున్నాను. సాబ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడే బస్సెక్కి వచ్చి, సేటు దుకాణం మెట్ల మీద కూర్చుని అడిగాడు. "బంగ్లా ఎప్పుడో అయిపాయె సాబ్, ఇప్పుడు జాగ ఎందుకిస్త?" అన్నాడు సేటు. నా తప్పుకు ఆ పెద్దమనిషి ఉత్త చేతులతో మెట్లు దిగి వచ్చాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "యాద్ పెట్టుకో తమ్మీ. ఇయ్యకముందు అడిగితే హక్కు. ఇచ్చినంక అడిగితే బిచ్చం" అన్నాడు, అంతే. తర్వాత గల్లీలోకి పోయి అవ్వతో చెప్పాడు: "సేటుకు ఇంకో అంతస్తు మీద మనసు పుడతది అవ్వా. గప్పుడు మల్లొస్త."

ఆయనన్నట్టే అయింది. నాలుగో అంతస్తు కోసం సేటు కొడుకు పెట్టుకున్న దరఖాస్తు పోయిన బుధవారం నా బల్ల మీదికి వచ్చింది. ఆదివారం ఎల్లారెడ్డి పోయి సాబ్‌ను వెంటబెట్టుకు రావాలనుకున్నాను. శుక్రవారానికే ఆయన లేడు. నాకు అన్నం పెట్టే పని నేర్పిన మనిషి. ఆ పని ఎవరి కోసం చెయ్యాలో కూడా నేర్పాడు. రెండోది నాకు ఆలస్యంగా ఎక్కింది.

నిన్న దరఖాస్తు పట్టుకుని నేనొక్కణ్ణే ఆ గల్లీకి పోయాను. సేటు ఇంటికి పోయే ముందు అవ్వకు చెప్పాలనిపించింది. మబ్బు పట్టి ఉంది. గడప ముందు బీడీలు చుడుతున్న అవ్వ తలెత్తి చూసింది.

"సాబ్ రాలేదా బిడ్డా?"

"సాబ్ పోయిండవ్వా. నేనొచ్చిన, జాగ అడగనీకి."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత నన్నొకసారి, మబ్బునొకసారి చూసింది. చూసి, లేచి, తునికాకు చాటలు ఒక్కొక్కటీ లోపలికి తీసుకుపోయి, నీళ్ళకు అందకుండా మంచం మీద పెట్టుకోవడం మొదలుపెట్టింది.