కాగితానికి వెనక పక్క

మొన్న సోమవారం మధ్యాహ్నం నా బల్ల దగ్గర పెన్సిల్ చెక్కిన వాసన వచ్చింది. బల్లకు అవతల నిలబడిన అమ్మాయి చిన్న షార్పనర్‌లో పెన్సిల్ తిప్పుతోంది. పొట్టు నా బల్ల అద్దం మీద రాలకుండా కింద అరచెయ్యి పట్టుకుంది. ఏ కాగితం తేవాలో, ఎక్కడ అడగాలో రాసుకోవడానికి సిద్ధమవుతోంది. అంతకు రెండు నిమిషాల ముందే నేను ఆమె ఎదుట నిలబడి ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం వల్ల ఆమెకు ఒక ఏడాది చదువు పోయేలా ఉంది. అది ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె నన్నేమీ అనకుండా పెన్సిల్ మొన చూసుకుంది. ఆ వాసనకు నాకు కస్తూరక్క గుర్తొచ్చింది.

ముందు నా తప్పు చెప్పాలి. పుదుచ్చేరి ఊరి అంచున ఒక విశ్వవిద్యాలయంలో ప్రవేశాల విభాగంలో పనిచేస్తాను. వేరే విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది చదివి, మధ్యలో మా దగ్గరికి మారాలనుకునే పిల్లల సర్టిఫికెట్లు సరిచూడటం నా పని. దరఖాస్తు ఇప్పుడు కంప్యూటర్లోనే వస్తుంది గాని, అసలు కాగితాలు మాత్రం కళ్ళతో చూడాల్సిందే. ఈ అమ్మాయి పేరు భవాని. ఊరు మాకు దగ్గరలోనే ఉన్న బాహూరు. చిత్తూరు దగ్గర పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ మొదటి ఏడాది చదివింది. తల్లికి జబ్బు చేసి ఇంటికి వచ్చేసింది. రెండో ఏడాది ఇక్కడ చేరాలి.

పది రోజుల క్రితం ఆఫీసుకు ఫోన్ చేసింది. పదో తరగతి సర్టిఫికెట్లో ఆర్. భవాని అనీ, చిత్తూరు మార్కుల లిస్టులో వి. భవాని అనీ ఉంది, ఏమైనా ఇబ్బందా అని అడిగింది. నా రెండో చేతిలో వేరే ఫైలు ఉంది. "పరవాలేదమ్మా, రెండూ పట్టుకొని రా" అన్నాను. పరవా ఉంది. ఆ ఇద్దరూ ఒకరేనని తాలూకాఫీసు నుంచి సర్టిఫికెట్ కావాలి. అది రావడానికి వారం పడుతుంది. గడువు బుధవారంతో ముగుస్తుంది. సోమవారం మా సూపరింటెండెంటు నా పక్కనే నిలబడి కాగితాలు చూసి, "ముందే మనల్ని అడిగి ఉండొచ్చు కదా, అడగలేదా?" అన్నాడు. "ఎవరూ అడగలేదు సార్" అన్నాను.

భవాని నా వైపు చూసింది. "సార్, ఫోన్‌లో..." అని ఆగింది.

"ఫోన్‌లో ఎవరో చెప్పుంటారు" అన్నాను.

ఎందుకన్నానో నాకింకా అంతుపట్టలేదు. సూపరింటెండెంటు కఠినుడు కాదు. నేనే పొరపాటున చెప్పానంటే నాలుక చప్పరించి ఊరుకునేవాడు. భయం లేదు, లాభం లేదు. నోరు దానంతటదే ఆ మాట అనేసింది. ఇదే నోరు, పందొమ్మిదేళ్ళ వయసులో, ఇదే ఆఫీసులో, ఇలాగే ఇంకొక మాట అంది.

మా ఊరి తెలుగువాళ్ళకు పేరు ముందు అక్షరం ఒక చిక్కు. మేము ఎన్ని తరాలుగా ఇక్కడ ఉన్నామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో చేర్చేటప్పుడు ఇక్కడి ఆనవాయితీ ప్రకారం పేరు ముందు తండ్రి పేరులో మొదటి అక్షరం పెడతారు. మిల్లులో పనిచేసే మా నాన్న పేరు సుబ్బరాయన్, కాబట్టి నేను ఎస్. గోపాల్. పదో తరగతి తర్వాత నెల్లూరులో మా మేనమామ దగ్గరికి వెళ్ళాను. అక్కడి కాలేజీ గుమాస్తా, "తండ్రి పేరు తండ్రి గడిలో రాస్తాం గదయ్యా, ఇంటిపేరు చెప్పు" అన్నాడు. మా మామ పాలెపు అని చెప్పాడు. నేను పి. గోపాల్ అయ్యాను. నాకది అప్పుడు ఏమీ అనిపించలేదు. అక్కడే తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను. డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలు రాశాక నాన్నకు పక్షవాతం వచ్చింది. అమ్మ ఒక్కతే ఆయన్ను లేపలేకపోయింది. ఇంటికి వచ్చేశాను.

కస్తూరక్క మా వీధిలోనే ఉండేది. అమ్మకంటే రెండేళ్ళు పెద్ద. అయినా వీధిలో పిల్లలూ పెద్దలూ అందరికీ అక్కే. ఇప్పుడు నేను కూర్చునే విభాగంలోనే అప్పుడు ఆమె పనిచేసేది. తమిళంలో పదో తరగతి వరకు చదివింది. తెలుగులో తిట్టేది, తెలుగులో మొక్కుకునేది, తెలుగులో ఒక్క అక్షరం కూడా చదవలేదు. నేను మారడానికి దరఖాస్తు పెడుతున్నానని తెలిసి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చాప మీద పరిచిన నా కాగితాలను ఒక్కొక్కటే ఎత్తి చూసింది. నెల్లూరు కాలేజీ ఇచ్చిన తెలుగు కాగితం చేతికి రాగానే అటూ ఇటూ తిప్పింది.

"ఇదేందిరా, జిలేబీలు పిండినట్టుంది. నువ్వే సదువు."

చదివాను. విని తలూపింది. తర్వాత రెండు సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి, మంచం మీదున్న నాన్నతో, "ఏం అన్నా, కొడుకును ఒకణ్ణే గదా పంపిస్తివి. ఇద్దరు పోయి చదివినారే" అంది. నాన్న నోరు వంకరగా ఉన్నా నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

వెళ్ళేముందు నాతో గట్టిగా చెప్పింది. "అన్నీ రాయి. పేరు గడి మాత్రం రాయబాకు. నేను రేపు ఆపీసులో అడిగి చెప్తా. తెలిసిందా?"

తెలిసింది. కాని ఆమె గడప దాటగానే రాసేశాను. డిగ్రీలో అడుగుపెట్టినవాణ్ణి, నా పేరు నేను రాసుకోవడానికి పదో తరగతి చదివిన అక్క అనుమతి కావాలా అనుకున్నాను. ఆ అహంకారం ఒక కారణం. రెండోది నిజమైన అయోమయం. ఎస్ రాస్తే నెల్లూరు చదువు పోతుంది, పి రాస్తే పదో తరగతి పోతుంది. రెండూ పోకుండా ఉండాలని పి.ఎస్. గోపాల్ అని రాశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

మర్నాడు కస్తూరక్క తనతోపాటు బస్సులో తీసుకెళ్ళింది. ఫారం మడిచి నా చొక్కా జేబులో ఉంది, ఆమె చూడలేదు. ఆఫీసులో లోపలి గదిలోకి తీసుకెళ్ళి అధికారి ముందు నిలబెట్టింది. ఆయన నా సర్టిఫికెట్లు, ఫారం వరసగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తమిళంలో తాపీగా అడిగాడు.

"ఎస్. గోపాల్ పదో తరగతి పాసయ్యాడు. పి. గోపాల్ డిగ్రీ మొదటి ఏడాది చదివాడు. బాగుంది. ఈ పి.ఎస్. గోపాల్ ఏం చదివాడు?"

గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. "ఇలా రాయమని ఎవరు చెప్పారు?" అన్నాడు ఆయన.

నేను కస్తూరక్క వైపు చూశాను. చూడటమే కాదు, నోటితో కూడా అన్నాను. "అక్క చెప్పింది సార్."

ఆమె నన్ను ఒక్కసారి చూసింది. అధికారి అందరి ముందూ ఆమెను తిట్టాడు. ఇన్నేళ్ళు ఈ పని చేసి, తెలిసినవాళ్ళ పిల్లాడని పేర్లు కలిపి వండి ఇస్తావా అన్నాడు. ఆమె కాదనలేదు, ఔననలేదు. ఆయన ఫారం మీద సిరాతో "తిప్పి పంపడమైనది" అని రాసి తోసేశాడు. కస్తూరక్క అది తీసుకుని బయటికొచ్చి, గోడకు ఆనించి, వెనక పక్కకు తిప్పి, చెవి పైన ఉన్న పెన్సిల్ ముక్క తీసింది.

అది ఆమె అలవాటు. తిప్పి పంపిన ప్రతి కాగితం వెనకా ఏం చెయ్యాలో పెన్సిల్‌తో రాసి ఇచ్చేది. పని పూర్తయి కాగితం మళ్ళీ వచ్చినప్పుడు తానే రబ్బరుతో చెరిపి లోపలికి పంపేది. "ముందు పక్క వాళ్ళది, ఎనక పక్క మనది" అనేది. నా ఫారం వెనక తమిళంలో ఇలా రాసింది: తాలూకాఫీసు. రెండో గది. కళ్ళద్దాలాయన. పదకొండుకు ముందే పో. రేషన్ కార్డు తీసుకో. అమ్మను తీసుకుపోవద్దు, నాన్న దగ్గర ఉండనీ.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె తిట్టాలని కోరుకున్నాను. తిడితే ఏడ్చి క్షమాపణ అడగొచ్చు. చాలా దూరం వచ్చాక టికెట్ వెనక్కి తిప్పి, పెన్సిల్ నా చేతికిచ్చింది.

"నీకు తెలుగు రాయను వస్తుంది గదా. నా పేరు రాయి."

కస్తూరి అని రాశాను. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "ముందర ఇనిషియల్ పెట్టలేదే?"

"ఏది పెట్టాలక్కా?"

"అదే నేనూ అడగతా ఉండా. మా నాయనదా, ఇంటిపేరుదా, మా ఆయనదా? మూడూ పెడితే మా సారు ఈ కస్తూరి ఏం చదివిందంటాడు." నవ్వింది. "పోనీ, సుమ్మా, ఊరికే అట్టే ఉండనీ. పేరొకటి సాలు."

టికెట్ మడిచి చిన్న పర్సులో పెట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. క్షమించమని అడగడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాలేదు. మర్నాడు ఆమె సెలవు పెట్టి తాలూకాఫీసుకు నాతో వచ్చింది. రేషన్ కార్డు మరిచిపోయానని తెలిసి, "సీక్రం పోయి తీసుకురా, ఆయనతో నేను మాట్లాడతా ఉంటా" అని నన్ను తరిమింది. గడువులోగా సర్టిఫికెట్ వచ్చింది. సీటు వచ్చింది. ఏడాది పోలేదు. ఇద్దరు గోపాళ్ళూ ఒకరేనని ప్రభుత్వం ఒప్పుకుంది గాని, "అక్క చెప్పింది" అన్న గోపాల్ ఎవరో నాకు మాత్రం తేలలేదు.

ఆ గదిలో నా మాట వల్ల ఆమెను బల్ల దగ్గర్నుంచి తీసేసి, ఆరు నెలలు టపా విభాగంలో కవర్లు అంటించే పనిలో పెట్టారని నాకు చాలా ఏళ్ళ తర్వాత, నేనూ అదే ఆఫీసులో ఉద్యోగంలో చేరాక, పాత ఉద్యోగి ఒకాయన చెప్తే తెలిసింది. ఆ ఆరు నెలలూ ఆమె మా ఇంటికి వస్తూనే ఉంది. నాన్నకు ఇడ్లీ తినిపిస్తూనే ఉంది. ఒక్క మాట చెప్పలేదు. ఈ సంగతి నాకు తెలిసేనాటికి ఆమె పదవీ విరమణ చేసింది. ఆ సాయంత్రమే మైసూరుపాకు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. "అక్కా, ఆ రోజు సారు గదిలో నేను..." అని మొదలుపెట్టాను.

"ఏ రోజు?" అంది.

"అదే, పేరు..."

"ఏందో పోరా. నాకు నిన్న తిన్న కూరే గుర్తుండదు. కాపీ తాగుతావా?"

నిజంగా మరిచిపోయిందా, నన్ను కాపాడిందా, లేక ఆ క్షమాపణ నాకు అంత తేలిగ్గా దొరక్కూడదనుకుందా? ఎన్నోసార్లు ఆలోచించాను. ఒక్కో ఏడాది ఒక్కో జవాబు సరైందనిపించేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇక అడగడానికి ఎవరూ లేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కాగితాల వెనక పెన్సిల్‌తో రాసేవాణ్ణి. కంప్యూటర్లు వచ్చాక మానేశాను. ఎవరూ మానమనలేదు.

సోమవారం భవాని పెన్సిల్‌తో తన పుస్తకంలో ఏదో రాసుకుని, పొట్టును చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె కాగితాలు తిప్పి చూశాను. ముందు పక్క, కాగితాలు చాలవని నా ముద్ర. వెనక పక్క తెల్లగా ఉంది.

మంగళవారం పొద్దున్నే సెలవు చెప్పి, మోటారు సైకిల్ మీద బాహూరు వెళ్ళాను. వరి పొలాల పక్క వీధిలో ఇల్లు. వాకిట్లో భవాని నాయనమ్మ బియ్యం చెరుగుతోంది. "ఎవురయ్యా నువ్వు? యాడ నుంచి?" అంది. పేరు చెప్పి, ఆఫీసు నుంచి అన్నాను. భవాని బయటికొచ్చి నన్ను చూసి తలుపు దగ్గరే ఆగింది.

"ఆ రోజు ఫోన్‌లో చెప్పింది నేనేనమ్మా. నిన్న అబద్ధం చెప్పాను."

"నాకు తెల్సు సార్" అంది. "పరవాలేదమ్మా అని సాగదీసి అంటిరి గదా. నిన్న కూడా ఇంకో అబ్బాయితో అట్టే అన్నారు. అప్పుడే తెలిసిపోయె."

"మరి నేను కాదన్నప్పుడు గట్టిగా అడగలేదేం?"

"అడిగితే ఇంక నా ఫారం తీసుకుంటారా?"

నాయనమ్మ చేట ఆపి నన్ను చూసింది. "తప్పు చేసినోడు ఇంటిదాకా వచ్చినాడే" అంది, మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియని గొంతుతో. "రేషన్ కార్డు కావాల్నా?"

కావాలి అన్నాను. ముగ్గురం తాలూకాఫీసుకు వెళ్ళాం. అర్జీ ఇచ్చి, రసీదు తీసుకున్నాం. సర్టిఫికెట్ వారానికి వస్తుందన్నారు. అక్కడినుంచి నేను ఆఫీసుకు వెళ్ళి, నా బల్ల దగ్గర కూర్చుని, భవాని ఫైలు తీశాను. చెయ్యి అలవాటుగా కాగితాన్ని వెనక్కి తిప్పబోయింది. ఆపుకున్నాను. వెనక పక్క కస్తూరక్కది. పెన్సిల్ రాత చెరిపేయొచ్చు. నేను రాయాల్సింది చెరిపేది కాదు.

ముందు పక్కన, నా ముద్ర కిందే, సిరాతో రాశాను: "ఈ విద్యార్థిని పది రోజుల ముందే అడిగింది. సరిపోతుందని తప్పుగా చెప్పింది నేను. ఎవరూ అడగలేదని సోమవారం నేను చెప్పినది అబద్ధం. తాలూకాఫీసు రసీదు జతపరిచాను. వారం గడువు ఇవ్వమని కోరుతున్నాను." సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు. గడువు ఇచ్చాడు. నాకు సంజాయిషీ అడుగుతూ మెమో కూడా ఇచ్చాడు. ఇవ్వాల్సిందే.

ఆ రాత కింద సంతకం పెట్టేటప్పుడు కలం కాసేపు ఆగింది. ఎస్ పెట్టాలా, పి పెట్టాలా అన్న పాత తడబాటు. చివరికి ఏ అక్షరమూ పెట్టకుండా, గోపాల్ అని మాత్రం రాశాను.