రెండోసారి పిండిన పాలు

ఫాదర్ మార్సెల్ మంగళవారం ఉదయం కన్నుమూశారని చోడవరం నుంచి కబురు వచ్చినప్పుడు, పత్రికాఫీసులో మరెవరిదో మరణవార్త దిద్దుతున్నాను. కలం ఆగిపోయింది.

ఫ్రాన్సులో కొండసీమ సవోయి ఆయన జన్మభూమి. యౌవనంలో మన జిల్లాకు వచ్చి మరి వెనక్కి వెళ్ళలేదు. నాకు ఇంగ్లీషు నేర్పిన గురువు. పాఠం అయ్యాక అరుగు మీద కూర్చుని చీడికాడ వైపు కొండలను చూసేవారు. మా కొండల మంచు పొద్దెక్కితే విడిపోయేది. ఆయన చూసే మంచు వేరు.

అలాంటి ఒక సాయంత్రం తమ ఊరి జున్ను సంగతి చెప్పారు. మన జున్నులా తీపి కాదు, చెక్కపలక మీద వారాల తరబడి మాగే ఉప్పటి జున్ను. పేరు రెబ్లోషోన్. అర్థం అడిగాను.

"మళ్ళీ పిండడం" అన్నారు. పూర్వం అక్కడి రైతు ఆవులిచ్చే పాలను బట్టి భూస్వామికి శిస్తు కట్టాలి. కొలిచేవాడు వచ్చిన రోజు పొదుగు పూర్తిగా పిండేవారు కారట. అతను కొండ దిగిపోయాక మళ్ళీ కూర్చుని పిండేవారట. ఆ చిక్కని పాలతో చేసిందే ఆ జున్ను.

పాలు పోసే అప్పలనరసమ్మ చెంబుతో అక్కడే నిలబడి వింది. "అయితే మీవోళ్ళు దొంగలేటి ఫాదరుబాబూ!"

"దొంగలమే నరసమ్మా. ఆ సివరిపాలు నాకూ కాసిని పొయ్యి. సచ్చేలోగా ఒక్కసారి ఆ జున్ను తినాల" అన్నారాయన, అచ్చం మా యాసలో.

ఆమె నవ్వు ఆగింది. "సివరిపాలు దూడవి బాబూ. మరేటైనా అడగండి."

ఫాదర్ తలూపారు. "మేం దొరని మోసం సేసేం. దూడని సెయ్యకూడదు" అన్నారు. ఆ తర్వాత ఏళ్ళు గడిచినా మళ్ళీ అడగలేదు.

మొన్న వానల్లో నరసమ్మ దూడ చనిపోయింది. దాని తోలులో గడ్డి కూరి ఎదుట నిలబెడితే ఆవు దాన్ని నాకుతూ పాలు చేపింది. చివరిపాలు చెంబులో పట్టుకుని ఆమె తిన్నగా ఫాదర్ దగ్గరికి వచ్చింది.

"తీసుకోండి బాబూ. ఇంక తాగీవోడు లేడు."

అప్పటికే మంచం పట్టిన మనిషి లేచారు. మేడిచెట్టు పాలచుక్కలతో గడ్డకట్టించి, బట్టలో బిగించి, ఉప్పు రాసి పలక మీద పెట్టారు. రోజూ తిరగెయ్యాలన్నారు. చేతులు వణకడంతో ఆ పని నరసమ్మ చేసింది.

"ఎప్పటికవుద్ది బాబూ?" అని ఆమె అడిగితే, "వాసన సెప్తాది" అనేవారట.

పరాయి భాషను ప్రేమతో నేర్పి, మన భాషను అంతకంటే ప్రేమతో నేర్చుకున్న ఆ మహనీయుడికి నమస్కరించడానికి వెళ్ళాను. గది ఊడ్చి ఉంది. పలక మీద జున్ను పైపొర లేత పసుపు తిరిగింది. నరసమ్మ దాన్ని తిరగేసి, వాసన చూసి, నా వైపు చూసింది. అది మాగిందో పాడైందో చెప్పగలిగినవారు చోడవరంలో ఇంకెవరూ లేరు.