మందు కొట్టిన చేను ముందు మా వదిన

కరోనా మొదటి ఏడాది సూరత్‌లో బట్టలు నేసే లూములన్నీ ఆగిపోయినప్పుడు, మా అమ్రోలి గల్లీలో సగం మంది తెలంగాణకు వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. మా వదిన ఒళ్ళో నెలల పిల్ల ఉంది. ఆ ఎండల్లో, ఆ గుంపుల్లో పసిదాన్ని వేసుకుని ఎక్కడికి పోతాం? బండ్లు తిరగడం మొదలయ్యాక, ఊరవతల కామ్‌రేజ్ దగ్గర ఒక శేఠ్ బెండకాయలు తెంపడానికి ఆడవాళ్ళు కావాలంటున్నాడని తెలిసింది. పని పోయి గోడకు ఆనుకుని కూర్చున్న అన్నయ్య మొహం చూడలేక, పిల్లను అమ్మకు అప్పగించి, వదినా నేనూ టెంపో ఎక్కాం.

నేను సూరత్‌లోనే పుట్టి పెరిగినదాన్ని. చేను అంటే రైలు కిటికీలోంచి చూడడమే. వదిన మాత్రం కరీంనగర్ వైపు పత్తి చేలల్లో పెరిగింది. మొదటి రోజే నన్ను అన్నయ్య పాత పొడుగు చేతుల చొక్కాలోకి దూర్చి, కాళ్ళకు మేజోళ్ళు తొడిగించి, తలకూ ముక్కుకూ గుడ్డలు కట్టి నిలబెట్టింది.

"వదినె, గీ ఎండల నన్ను ఉడకబెడ్తవా ఏంది?" అన్నాను.

"ఉడుకు. పురుగుల మందు ఒంటికి తాకుడు కంటె గదే మంచిది" అంది.

చేలో లేత బెండకాయ ఒకటి నోట్లో పెట్టుకోబోతే చేతి మీద చెళ్ళున ఒకటిచ్చింది. సబ్బుతో చేతులు కడగందే మంచినీళ్ళ సీసా కూడా ముట్టనిచ్చేది కాదు. అబ్బో, మా అమ్మే నయం!

ఇంటికొచ్చాక ఇంకో తతంగం. తల్లిని చూడగానే పిల్ల కేరుమంటూ చేతులు చాచేది. వదిన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడవారగా బాత్రూంలోకి నడిచేది. చేనుకు కట్టుకున్న బట్టలు వేరే బకెట్లో, పిల్ల బట్టలకు దూరంగా నానబెట్టి, తలంటుకుని, ఆ తర్వాతే పాలు. ఇదంతా కరోనా భయమేనని గల్లీలో అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్ళు. అమ్మకు మాత్రం ఒళ్ళు మండేది.

"పిల్ల గొంతు పోయెటట్టు ఏడుస్తాంది. జర ఎత్తుకుంటె ఏం పోతది?"

"అత్తమ్మా, మందంత నా అంగికే ఉన్నది. ఎట్ల ఎత్తుకోమంటవు?" అనేది వదిన. తలుపు వేసుకున్నాక నీళ్ళ చప్పుడుతో పాటు ఆమె వెక్కిళ్ళు కూడా నాకు వినిపించేవి.

ఒకరోజు టెంపో దిగేసరికి చేను చేనంతా ఘాటుగా వాసన కొడుతోంది. ఆకులింకా తడితడిగా ఉన్నాయి. శేఠ్ తెల్లవారుజామునే మందు కొట్టించాడట. మార్కెట్‌కు సరుకు పంపాలని తొందర పెడుతున్నాడు. మిగతా ఆడవాళ్ళు బుట్టలందుకున్నారు. వదిన రోడ్డు పక్కన టెంపో నీడలో కూర్చుండిపోయింది. పైగా నా చొక్కా పట్టి లాగి నన్నూ కూర్చోబెట్టింది.

"ముందు తెంపుడు, ఎన్క మందు కొట్టుడు. గిప్పుడైతె దిగం శేఠ్" అంది, తనకొచ్చిన హిందీలో తెలుగు కలిపి.

"ఏం కాదు బేన్, కాసేపట్లో ఆరిపోతుంది. దిగండి" అన్నాడాయన.

వదిన అటూ ఇటూ చూసింది. రోజూ చేని గట్టు మీద మేసే శేఠ్ గేదె ఆ పూట దూరంగా షెడ్డు దగ్గర గుంజకు కట్టేసి ఉంది.

"ఏం గాకపోతె మీ బర్రెను ఇడువుండ్రి. అది గీ గట్టు మీది గడ్డి మేస్తె మేమందరం దిగుతం."

శేఠ్ తడబడ్డాడు. "దాన్నెలా వదులుతాను? పాలిచ్చే గేదె కదా!"

"నేను గూడ పాలిచ్చేదాన్నే" అంది వదిన.

బుట్టలు ఒకటొకటిగా కిందికి దిగాయి. శేఠ్ మొహం కందగడ్డయింది. అందరినీ ఇంటికి పొమ్మన్నాడు, మళ్ళీ రావద్దన్నాడు.

టెంపోలో మొదలైంది రభస. "నీ ఒక్క పిల్ల కోసం మా పిల్లల నోట్ల మన్ను కొట్టినవు" అని ఒకావిడ. వదిన తల వంచుకుని ఊరుకుంది. నేనెందుకు ఊరుకుంటాను? నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితె బండి ఆపుమంట, దిగిపోయి తెంపుకో పో! ఎవలు వద్దన్నరు?" అన్నాను. దిగినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకు శేఠే మళ్ళీ టెంపో పంపాడు. అప్పట్నుంచి మేం తెంపి వెళ్ళాకే మందు కొట్టించేవాడు, మర్నాడు ఎవరినీ పిలిచేవాడు కాదు. ఒక్క మనిషి కూర్చుంటే అంత మారింది. కానీ ఇలా జరుగుతుందని ఆ రోజు మాకేం తెలుసు? పని పోయిందనే అనుకున్నాం. అన్నయ్యకు ఏం చెప్పాలా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

పొద్దెక్కకముందే తిరిగొచ్చిన మమ్మల్ని చూసి అన్నయ్యకు అర్థమైపోయింది. అమ్మ చంకలోంచి పిల్ల ఎప్పటిలాగే చేతులు చాచింది. వదిన ఎప్పటిలాగే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడవారకు జరిగింది.

"వదినె, ఇయ్యాల నువ్వు చేన్ల దిగనే లేదు గదా!" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత, చెప్పులైనా విప్పకుండా గడప మీదే కూలబడి పిల్లను గుండెలకు అదుముకుంది. రేపు పొయ్యి మీదికి ఏముందో మాకు తెలియదు. అయినా కొంగు చాటున పిల్ల గుటకలు వేస్తుంటే వదిన నవ్వుతూనే ఉంది. నేనే ఏడ్చేశాను.